దేహమునకు పట్టాదారుడెవడు?

భూమికి పట్టా కలదు. గృహమునకు దస్తావేజు కలదు. తల్లిదండ్రులనుండి సంక్రమించిన జన్యువుమీద పరులకు పట్టా యుండవచ్చునా? ఈ ప్రశ్న అమెరికా న్యాయస్థానములలో 2009 మొదలు నాలుగేండ్లు నలిగెను. 2013 జూన్ 13వ తేదీన ఆ దేశపు సుప్రీంకోర్టు ఉండరాదని తీర్పు చెప్పెను. వ్యాజ్యము ముగిసినదే కాని, ఆ తీర్పులోని ధర్మము ఇంకను పూర్తిగా నెరవేరలేదు.

మన కణములలోని జన్యుపదార్థము నిత్యము దెబ్బతినుచుండును. తెగిన పోగులను అతికి సరిచేయు పనిలో బి.ఆర్.సి.ఏ. 1, బి.ఆర్.సి.ఏ. 2 అను జన్యువులకు ముఖ్యస్థానము కలదు. ప్రతి జన్యువునకు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి ప్రతులుండును. వానిలో ఒకటి పుట్టుకతోనే చెడియుండి, రెండవదియు తరువాత చెడినచో, మరమ్మతు కుంటుపడి కణము అదుపుతప్పుటకు త్రోవ ఏర్పడును. రొమ్ము క్యాన్సరులలో ఇట్లు వంశానుగతముగ వచ్చునవి నూటికి 5 మొదలు 10 మాత్రమే. అయినను ఈ లోపముగల స్త్రీలలో నూటికి సుమారు 70 మందికి 80 ఏండ్లలోపల ఈ వ్యాధి వచ్చునని 2017లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. ముందుగా తెలిసికొన్నవారు తరచు పరీక్షలతోను, అవసరమైనచో శస్త్రచికిత్సతోను ప్రాణమును కాపాడుకొనవచ్చును.

1990లో మేరీ క్లెయిర్ కింగ్ అను విదుషి మొదటి జన్యువు 17వ క్రోమోజోముమీద నున్నదని నిరూపించెను. 1994లో దాని వరుసను కనుగొన్న బృందమునకు చెందిన ఊటా రాష్ట్రపు మిరియడ్ జెనెటిక్స్ కంపెనీ పేటెంటులు సంపాదించి, ఇతర ప్రయోగశాలలను అడ్డగించెను. పరీక్ష వెల 3,000 డాలర్లు దాటెను. అంగమును తొలగించుకొనుటకు ముందు మఱియొకచోట ఫలితమును సరిచూచుకొన గోరిన స్త్రీకి ఆ దారి లేకపోయెను. ప్రకృతిసిద్ధమైన జన్యువు వేరుచేసినంతమాత్రమున ఎవరి సొత్తును కాదని న్యాయమూర్తులు ఏకగ్రీవముగ చెప్పిరి. ప్రయోగశాలలో కృత్రిమముగ కూర్చిన ప్రతికిమాత్రము పేటెంటు చెల్లునని తేల్చిరి.

ధనము వెచ్చించినవారికి ప్రతిఫలము వద్దాయని కొంద ఱడుగుదురు. కావలసినదే. బావి త్రవ్వినవానికి కూలి యిచ్చుట న్యాయము. ఊరి క్రింది జలమంతయు వానిదే యనుట న్యాయము కాదు. క్రొత్త యంత్రమునకును, క్రొత్త మందునకును ప్రతిఫల ముండనిండు.

ఇక మన కర్తవ్యము. జన్యువులోని ప్రతి మార్పును హానికరము కాదు. ఏది హానికరమో పెక్కు కుటుంబముల ఫలితములను పోల్చిననే తెలియును. ఇంతవఱకు చేరిన ఫలితములలో అధికభాగము ఐరోపాసంతతివారివి. అందుచే ఇతరజాతులవారు పరీక్ష చేయించుకొన్నప్పుడు, అర్థము తేలని మార్పు కలదను జవాబు తఱచుగా వచ్చుచున్నది. డబ్బిచ్చి సందేహమును కొని తెచ్చుకొనుట ఎంతటి వేదన! మనదేశపు ఆసుపత్రులును ప్రయోగశాలలును పేర్లు తొలగించి తమ ఫలితములను ఉమ్మడి భాండారమున చేర్పవలెను. కుమార్తెల వివాహములకు అడ్డగునేమోయని కుటుంబచరిత్రను దాచువారును ఒక సంగతి తలపవలెను: ఈ లోపము తండ్రివైపునుండియు వచ్చును, కుమారులకును సంక్రమించును. ఇందు ఆడుబిడ్డ దోషమేమియు లేదు. దాచినందువలన వంశగౌరవము నిలువదు; వైద్యమునకు దొరకిన వ్యవధిమాత్రము జారిపోవును.