కసరత్తు నేర్పేవారు కసరకూడదు

"ఆపరేషనై మూడేళ్లయింది కదా, ఇంకా నడుం నొప్పేమిటి?"

ఈ మాట మా వదిన ఎంతమంది నోట విన్నదో లెక్కలేదు. మా అమ్మ అంది. ఇరుగుపొరుగు అన్నారు. దాచుకోవడం ఎందుకు, నేనూ ఒకసారి అన్నాను.

వదినకు ముప్పై ఎనిమిదేళ్లకే గర్భసంచి తీసేశారు. నెలనెలా మంచం పట్టించే రక్తస్రావం ఆగిపోయింది. అంతవరకు మేలే. కానీ దాంతోపాటు ఆవిడ హుషారు కూడా ఎటో పోయింది. ఒళ్లు పెరిగింది. మేడ మెట్లు నాలుగెక్కితే ఆయాసం. రాత్రి నిద్ర లేదు, పగలు ఓపిక లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే చాలు, కళ్లనీళ్లు. పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానేసింది. "వెళ్తే ఏముంది, లావయ్యావని చెప్పడానికి పదిమంది కాచుక్కూర్చుంటారు" అనేది.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే అయితే పేపర్లో రాయక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 9 మంది, తెలంగాణలో 8 మంది. అంటే ఈ పేజీ చదువుతున్న మీ వీధిలోనే మా వదినలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది వేరే చర్చ. అదీ జరగాల్సిందే. కానీ అయిపోయినవాళ్ల సంగతేమిటి? కుట్లు మానాయా లేదా అని చూసి పంపేశాక, మళ్లీ మామూలు మనిషి కావడానికి చేయిపట్టుకుని నడిపించేవారు ఎవరున్నారు? ఈ ప్రశ్న మనం ఎప్పుడూ వేసుకోలేదు.

అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కసారిగా మీదపడుతుంది. ఎముకల బలం తగ్గడం మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా, కొందరిలో ఆ దశ కాస్త ముందుగానే రావచ్చు. దానికి తోడు కోత పడిన పొట్ట కండరాలు బలహీనంగా ఉంటాయి, ఆ భారం నడుం మోస్తుంది. కాబట్టి మూడేళ్లయినా నొప్పి ఉందంటే అది వేషం కాదు. ఆ కండరాలకు మళ్లీ పని నేర్పినవాళ్లు లేక.

సరే, అందరూ చెప్పేదే వదిన కూడా చేసింది. బజార్లో కొత్తగా పెట్టిన జిమ్‌లో మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టి చేరింది. మొదటిరోజే ట్రైనర్ అబ్బాయి అందరి ముందూ బరువు తూచి, "ఏంటాంటీ, ఇలా పెంచేశారు? తిండి మీద కంట్రోల్ లేదా?" అన్నాడట. ఆపరేషన్ సంగతి అడగలేదు. ఈవిడా సిగ్గుపడి చెప్పలేదు. పడుకుని పైకి లేచే కసరత్తులు, తాడాట, పరుగు. నాలుగోరోజుకు నడుం పట్టేసింది. "నొప్పి ఉంటేనే ఫలితం ఆంటీ, నాటకాలొద్దు" అన్నాడు. ఎనిమిదోరోజు నుంచి వెళ్లలేదు.

పోయిన డబ్బు గురించి మా అన్నయ్య ఓ వారం సణిగాడు. డబ్బు కంటే పెద్దది ఇంకొకటి పోయింది. "నా వల్ల కాదు, నా ఒళ్లింతే" అని ఆవిడ నమ్మేసింది. అది తిరిగి రాబట్టడానికి చాలాకాలం పట్టింది.

కొందరంటారు, "కాస్త గట్టిగా అంటేగానీ దారికి రారండీ, పెద్ద పెద్ద క్రీడాకారులకు కోచ్‌లు తిట్టరా?" అని. తిడతారేమో. కానీ పతకం కోసం వచ్చిన క్రీడాకారిణికి రోజంతా అదే పని. తిండి, నిద్ర, విశ్రాంతి అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మన ఇల్లాలి సంగతి అలా కాదే! 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అదీ ఆ పని చేసే మగవాళ్ల లెక్క. అంత చాకిరీ చేసి, మధ్యలో ఒక గంట దొంగిలించినట్టు తెచ్చుకుని వచ్చిన మనిషిని బద్ధకస్తురాలనడం ఏం న్యాయం? ఇంట్లో పడే మాటలు చాలవన్నట్టు డబ్బిచ్చి మరీ మాటలు పడాలా?

రెండేళ్ల కిందట మా వాళ్ల వీధి చివర ఒకావిడ క్లాసు మొదలుపెట్టింది. వ్యాయామ విద్య చదువుకున్న మనిషి. ఒక కల్యాణ మండపం మేడ మీద, పొద్దున్న ఆరింటికి, పదిమంది ఆడవాళ్లు. వదినను నేనే బలవంతంగా తీసుకెళ్లాను. మొదటిరోజు ఆవిడ ఒక్క ఎక్సర్‌సైజు కూడా చేయించలేదు. చాప మీద కూర్చోబెట్టి ముప్పావుగంట సేపు అడిగింది. కాన్పులు ఎన్ని, ఆపరేషన్లు ఏమిటి, నిద్ర ఎలా పడుతుంది, దగ్గినప్పుడు మూత్రం పడుతుందా, ఏ పనికి నడుం నొస్తుంది, ఏ పని చేయాలని ఉంది అని. ఆ చివరి ప్రశ్నకు వదిన చాలాసేపు ఆలోచించి, "అన్నవరం కొండ మెట్లెక్కాలని ఉంది" అంది. బరువు యంత్రం ఆ గదిలో ఎక్కడా లేదు.

"అక్కా, ముందు రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరుతో ఒక మాట చెప్పించుకుని రండి" అని పంపింది. చూస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గర ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 58, 59 మంది ఆడవాళ్లకు రక్తహీనత ఉందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఒంట్లో రక్తం లేని మనిషిని పరుగెత్తించి, ఆయాసపడితే బద్ధకమనడం ఎంత అన్యాయమో అప్పుడు అర్థమైంది.

రక్తం పట్టేదాకా ఆవిడ చేయించింది నడక, ఊపిరి కసరత్తులు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. అంతే. మొదటివారం ఐదుసార్లు లేస్తే చాలంది. ఐదుసార్లు లేవడం ఎవరి వల్ల కాదు? అక్కడే ఉంది కిటుకు. చేయగలిగిన పని ఇచ్చింది కాబట్టి చేసింది. చేసింది కాబట్టి మర్నాడు వెళ్లింది. తర్వాత ఎనిమిదిసార్లు. తర్వాత చేతుల్లో నీళ్ల సీసాలు. ఆ తర్వాత రెండు కిలోల డంబెల్స్. అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించేది. రెండురోజులు రాకపోతే ఫోన్ చేసేది. "ఎందుకు రాలేదు?" అని కాదు, "ఏమైందక్కా?" అని. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఎంత దూరముందో ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొక సంగతి రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. ఒకరోజు క్లాసయ్యాక వదిన ఆవిడతో, "ఒక్కోరోజు పొద్దున్న లేవకపోతే బాగుండుననిపిస్తుంది" అందట. మాకెవరికీ ఎప్పుడూ చెప్పని మాట. ఆవిడ "ఎక్సర్‌సైజు చేస్తే అన్నీ పోతాయి" అనలేదు. "ఇది నా చేతిలో పని కాదక్కా, దీనికి డాక్టరున్నారు" అని చెప్పి, వదిన ఒప్పుకున్నాకే మా అన్నయ్యకు ఫోన్ చేసింది. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లారు. కొన్నాళ్లు మందులు వాడింది. కసరత్తు దిగులును తగ్గించడానికి సాయపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి, నిజమే. కానీ అది వైద్యానికి తోడు, బదులు కాదు. తన హద్దు తెలిసినవాళ్లే మంచి కోచ్. మీలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే మనసులోనే దాచుకోకండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

"మేం రోజంతా ఇంటిపని చేస్తూనే ఉంటాంగా, మళ్లీ ఈ కసరత్తులెందుకు?" అని అడిగేవాళ్లున్నారు. ఇంటిపనీ ఒంటికి కదలికే, కాదనను. కానీ ఆ పనిలో అదే నడుం మళ్లీ మళ్లీ వంగుతుంది, అవే మోకాళ్లు అరుగుతాయి. విశ్రాంతి ఉండదు, బలం పెరిగే క్రమం ఉండదు. కసరత్తు వేరు. అది కొలత ప్రకారం పెరుగుతుంది, మధ్యలో ఆగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ అరగంట ఇంకెవరి కోసమో కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క పెద్దదేం కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, అంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. అదే కొలత. దానితోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తులు. ఈ రెండోదాన్నే మనవాళ్లు వదిలేస్తారు. "బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతావు" అని భయపెడతారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి, మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ అయింది. ఇన్నేళ్లయినా మన ఇళ్లల్లో ఆ భయం పోలేదు. రెండు కిలోల డంబెల్‌తో ఎవరూ మగరాయుళ్లు కారు. ఎముక గట్టిపడుతుంది, అంతే.

పొడుల డబ్బాలు అంటగట్టేవాళ్లతో కూడా జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ప్రొటీన్ పొడులు మానమనే చెప్పింది. కిలో బరువుకు రోజుకు సుమారు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. పప్పు, పెరుగు, సెనగలు, గుడ్డు, చేప మన వంటింట్లో ఉన్నవే. చిక్కల్లా ఒకటే. అందరికీ వడ్డించాక అడుగున మిగిలిన పప్పునీళ్లు మనం పోసుకుంటాం. ముందు ఆ అలవాటు మానాలి.

కాబట్టి మీరు ఎక్కడైనా చేరబోయేముందు నాలుగు విషయాలు చూసుకోండి. మీ ఒంటి చరిత్ర అడిగారా లేదా? నొప్పి అంటే ఆపుతారా, వెక్కిరిస్తారా? నెలలో పదికిలోలు తగ్గిస్తామని గొప్పలు చెబుతున్నారా? మీకు చెమట పట్టినప్పుడు, మీ ఒళ్లు ఎబ్బెట్టుగా కదిలినప్పుడు, అక్కడ సిగ్గుపడకుండా ఉండగలుగుతున్నారా? మొదటిరోజే మొత్తం డబ్బు కట్టకండి. వారం చూసి కట్టండి. ఆపరేషన్ అయినవాళ్లయితే డాక్టరు సరేననేదాకా బరువులు ముట్టుకోకండి. సుమారు ఆరువారాలు ఆగమంటారు.

డబ్బు పెట్టలేనివాళ్ల మాటేమిటి? నలుగురు ఆడవాళ్లు కలిసి నడిచినా సగం పని అయినట్టే. అందులో ఒకరు రాకపోతే మిగతా ముగ్గురూ "ఏమైంది?" అని అడగాలి. డ్వాక్రా సంఘాల్లో పొదుపు లెక్క రాసుకున్నట్టే ఎవరు ఎన్ని నిమిషాలు నడిచారో రాసుకోవచ్చు. మున్సిపాలిటీ పార్కుల్లో వ్యాయామ పరికరాలు పెట్టారు, సంతోషం. వాటితోపాటు వారానికి రెండు రోజులైనా నేర్పే మనిషిని, అందులోనూ ఆడమనిషిని పెట్టాలని మనం అడగాలి. ఇనుప యంత్రం "ఎలా ఉన్నావు?" అని అడగదు కదా!

రెండేళ్లలో మా వదిన తగ్గింది నాలుగు కిలోలే. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించేంత మార్పేమీ లేదు. నడుం నొప్పి పూర్తిగా పోయిందనీ చెప్పను, ఎప్పుడైనా పలకరిస్తుంటుంది. కానీ రాత్రి నిద్ర పడుతోంది. పెళ్లిళ్లకు వెళ్తోంది. మొన్న కార్తీకమాసంలో అన్నవరం కొండ మెట్లెక్కింది. మధ్యలో మూడుసార్లు కూర్చుంది. పైకెక్కాక ఫోన్ చేసి, "ఎక్కేశాను" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

ఈమధ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు పొద్దున్నే వంటింట్లోంచి మా అమ్మ గొంతు వినబడింది. "ఇంకా ఇక్కడే ఉన్నావేమిటే, నీ క్లాసుకు వేళ కావడం లేదూ? కాఫీ నేను కలుపుతాలే, పో."

ఆవిడకూ ఎవరో నేర్పారన్నమాట. వదిన ఆరోగ్యంలో ఆ కాఫీకి కూడా వాటా ఉంది.