బొద్దింకా, బల్లీ, ఇల్లాలి పరువూ

ఇంట్లో బొద్దింక కనిపిస్తే ఎవర్ని కేకేస్తారు? ట్యూబ్‌లైటు వెలక్కపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తారు. కుళాయి కారితే ప్లంబర్‌ని పిలుస్తారు. సింకు కిందనుంచి బొద్దింక బయటికొస్తే మాత్రం ఆ ఇంటి ఆడమనిషిని పిలుస్తారు. ‘‘ఒకసారి ఇటు రా, ఏమిటిది?’’ అన్న ఆ కేకలో చిరాకు ఒక్కటే ఉండదు, ఇల్లు సరిగా చూసుకోవడం లేదన్న తీర్పు కూడా ఉంటుంది. ట్యూబ్‌లైటు మాడిపోతే ఎవరి గుణగణాలూ చర్చకి రావు. బొద్దింక వస్తే ఇల్లాలి గుణమే చర్చకొస్తుంది. ఆ తీర్పుతోనే నా పేచీ.

‘ఇంత చిన్న విషయానికి వ్యాసమా?’ అని నవ్వే మిత్రులుంటారని తెలుసు. అంట్లు తోమడం, పొయ్యి ముందు చెమటలు కక్కడం కూడా ఒకప్పుడు చిన్న విషయాలే. విమల ‘వంటిల్లు’ కవిత చదివాక అవి చిన్నవిగా కనిపించడం మానేశాయి. అయినా మన లెక్కలోకి రాని పనులింకా మిగిలే ఉన్నాయి. రాత్రి అందరూ పడుకున్నాక లైటు వేసి, వంటగట్టు మీద పరిగెత్తేవాటిని చెప్పుతో కొట్టడం, చచ్చినవాటిని చీపురుతో ఎత్తి పారెయ్యడం, తెల్లారి అదే గట్టుని సబ్బుతో కడిగి పాలు కాచడం... దీనికి పేరేమిటి? 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి ఖర్చుపెడుతున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఏ రోజైనా ఆ పని ముట్టుకునే మగవాళ్లే నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. బొద్దింకల వేట ఆ 299 నిమిషాల్లో ఎక్కడో పేరు లేకుండా కలిసిపోయి ఉంటుంది.

పత్రికల మహిళా పేజీలకి మాత్రం ఈ పని బాగా తెలుసు. వంటింటి చిట్కాల పేరుతో ఏళ్ల తరబడి వేస్తూనే ఉన్నారు. అరల్లో బిరియానీ ఆకులు వెయ్యండి, బల్లులు పోవాలంటే కోడిగుడ్డు డొల్లలు పెట్టండి, గోడకి నెమలి ఈక గుచ్చండి! మా అమ్మ గడియారం మీద గుడ్డు డొల్లలు పెట్టేది. బల్లి వాటి పక్కనే కూర్చుని హాయిగా పురుగుల్ని పట్టుకు తినేది. చిట్కా పనిచెయ్యకపోతే తప్పు చిట్కాది కాదు, సరిగా చెయ్యని ఇల్లాలిది. ఈ చిట్కాని ఆటల పేజీలోనో, వాణిజ్యం పేజీలోనో నేనెన్నడూ చూడలేదు.

అసలీ జీవి సంగతేమిటో చూద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఎర్రగా, పెద్దగా ఉండే అమెరికన్ బొద్దింక మురుగు గొట్టాల్లో, మ్యాన్‌హోళ్లలో బతుకుతుంది. బాత్‌రూం జాలీలోంచీ, గొట్టం చుట్టూ సిమెంటు పెట్టకుండా వదిలేసిన కంతలోంచీ ఇంట్లోకొస్తుంది. చిన్నగా, గోధుమరంగులో ఉండే జర్మన్ బొద్దింక అరల కీళ్లలో, ఫ్రిజ్ మోటారు వెచ్చదనంలో కాపురం పెడుతుంది. దీని ఆడది 30 నుంచి 40 గుడ్లున్న తిత్తిని పొదిగే సమయం దాకా మోసుకు తిరుగుతుంది. స్ప్రే ఆ తిత్తిలోకి సరిగా చొరబడదు. 2019లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఈ బొద్దింకలు ఒక మందుకి అలవాటుపడుతూనే ఇంకో రకం మందుకీ తట్టుకునే శక్తి సంపాదిస్తున్నాయని చూపించారు. అంటే ఈ సమస్యలో మురుగు గొట్టం ఉంది, మేస్త్రీ వదిలేసిన సందు ఉంది, పక్కవాళ్ల గోడ ఉంది, రసాయనశాస్త్రం ఉంది. ఇల్లాలి గుణం ఎక్కడుంది?

నేనుండే అపార్ట్‌మెంటులో ఐదంతస్తులకీ కలిపి ఒకటే మురుగు గొట్టం. కింద చాంబరు మూత పగిలి రెండేళ్లయింది. సంఘం మీటింగులో ఆ మాట ఎత్తితే ఒక పెద్దాయన, ‘‘ముందు మీ ఆడవాళ్లని రాత్రిళ్లు సింకులో అంట్లు వదలొద్దని చెప్పండమ్మా’’ అన్నారు. మూతకి డబ్బుల్లేవట. ఆ నెలలోనే గేటుకి కొత్త రంగు పడింది. అంట్లు, తడి, చెత్త బొద్దింకలకి మేతే, కాదనను. మరి ఆ కంచాల్లో అన్నం తిన్నది ఆడవాళ్లొక్కరేనా?

బొద్దింకల్ని ప్రేమించమని నేననడం లేదు. వాటి రెట్ట, రాలిన పొట్టు పిల్లల్లో ఉబ్బసాన్ని పెంచుతాయని 1997లో అమెరికా నగరాల్లోని పేదపేటల పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. పేదపేటలు అన్న మాట గమనించండి. బొద్దింక కూడా ముందు పాడుబడ్డ ఇళ్లనే వెతుక్కుంటుంది. కానీ టీవీ ప్రకటనలో ఆ ఇల్లు కనపడదు. తెల్లగా మెరిసే వంటిల్లు, దగ్గే పిల్లాడు, కళ్లు పెద్దవి చేసుకుని భయపడే తల్లి కనిపిస్తారు. ఇంట్లోకి యంత్రాలొచ్చినా ఆడవాళ్ల పని తగ్గలేదనీ, శుభ్రతకి కొలబద్ద పెరిగి, పెరిగిన పనంతా తల్లి నెత్తిన పడిందనీ రూత్ ష్వార్జ్ కోవన్ 1983లోనే ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ పుస్తకంలో వివరించింది. పురుగుమందు డబ్బాకీ ఆ మాట చక్కగా వర్తిస్తుంది.

ఇంకో వెటకారం ఉంది. ‘ఆడవాళ్లకి బొద్దింకంటే భయం’ అని. సినిమాల్లో బొద్దింకని చూసి హీరోయిన్ హీరోని కావలించుకోవడం ఎన్నిసార్లు చూశాం! మరి ఇళ్లలో రోజూ చంపుతున్నది ఎవరు? భయపడుతూనో, అసహ్యించుకుంటూనో, వేరే దారి లేక చంపుతున్నది మనమే. పిరికివాళ్లన్న పేరు మనకి, పని కూడా మనకే!

చంపడమంటే విషం ముట్టుకోవడం. మనకి బాగా తెలిసిన సుద్దముక్క పేరు ‘లక్ష్మణ రేఖ’. వాల్మీకి రామాయణంలో ఆ గీత లేదు, తరవాతి కథల్లో చేరింది. సీతని ఇంట్లో ఉంచడానికి గీసిన గీతని ఇప్పుడు ఇల్లాలే మోకాళ్ల మీద కూర్చుని వంటింటి చుట్టూ గీసుకుంటోంది. చేతికంటిన ఆ తెల్లపొడి పైరిత్రాయిడ్ జాతి విషం. పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఈ సంగతి మనలో ఎందరికి ఎవరు చెప్పారు? ఇళ్లలో బాగా వాడిన క్లోర్‌పైరిఫాస్‌ని పిల్లల ఆరోగ్యం కోసం ఇళ్ల వాడకం నుంచి తప్పించాలని 2000లో అమెరికా నిర్ణయించింది. మన పెస్ట్ కంట్రోల్ వాళ్లు ఘాటైన వాసనతో చల్లిన డైక్లోర్‌వాస్‌ని మన ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చి, 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. అప్పటిదాకా ఆ గాలి ఎక్కువసేపు పీల్చింది ఎక్కువసేపు ఇంట్లో ఉన్నవాళ్లే.

‘పెస్ట్ కంట్రోల్‌కి డబ్బులిస్తున్నాంగా’ అంటారు. ముందురోజు అరలన్నీ ఖాళీ చేసేదెవరు? మర్నాడు ప్రతి డబ్బా, ప్రతి గిన్నే కడిగి సర్దేదెవరు? ఒక్కోసారి ఇల్లాలు కూడా కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె, తాను చేసే వేరే ఇంట్లో మందు కొట్టిన గంటకే గట్టు తుడవమన్నారని చెప్పింది. ‘‘తల తిరుగుతాందక్కా అంటే, నీకేం కాదులే, మీకలవాటేగా అన్నరు’’ అంది. మీకు అలవాటే! ఆ ‘మీ’లో కులం ఉంది, కూలి ఉంది. మురికి ఎవరి చెయ్యి ముట్టుకోవాలో మన సమాజం ఎప్పుడో తేల్చేసింది. చదువుకున్న మన చేతుల్లోంచి జారిన చీపురు ఇంట్లో మగవాడి చేతికి వెళ్లకుండా ఆమె చేతికే వెళ్తుంటే, దాన్ని విముక్తి అనలేం.

బల్లి కథ మరీ విచిత్రం. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు మగవాళ్లకి వేరే పట్టిక, ఆడవాళ్లకి వేరే పట్టిక. కంచి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని తాకి దోషం పోగొట్టుకుని వస్తారు. ఇంట్లో బల్లిని చంపితే పాపం, చుట్టాలొచ్చినప్పుడు గోడ మీద కనిపిస్తే పరువు తక్కువ. ఈ రెంటి మధ్యా చీపురు పట్టుకుని నిలబడాల్సింది ఆడది. నిజానికి మన ఇంటి బల్లికి విషం లేదు. దోమల్ని, పురుగుల్ని, చిన్న బొద్దింకల్ని తిని బతుకుతుంది. దాని రెట్టలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి గిన్నెల మీద మూతలు పెట్టాలి, అంతే.

కానీ ఇదే బల్లి బడిలో పడితే ఏమవుతుందో చూడండి. ‘మధ్యాహ్న భోజనంలో బల్లి’ అన్న వార్త మనం ఎన్నిసార్లు చదివాం! మర్నాటి వార్తలో వంట చేసే ఆడవాళ్లని తొలగించారని ఉంటుంది. ఆ వంటషెడ్డుకి తలుపుందా, పైకప్పు సందులు పూడ్చారా, గుండిగకి సరిపోయే మూత ఇచ్చారా అని అడిగేవాళ్లు తక్కువ. 2009లో కేంద్రం వాళ్లకి నిర్ణయించిన గౌరవ వేతనం నెలకి 1000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలే. ఆంధ్రప్రదేశ్‌లో అది 3000 కావడానికి 2019 దాకా ఆగాల్సొచ్చింది. ఇల్లాలిని చిన్నబుచ్చే తీర్పు అక్కడ ఒక పేదరాలి కూడే తీసేస్తోంది. ఇంట్లో దాన్ని నవ్వి ఊరుకుంటే, బడి దగ్గర దాన్ని ఎదిరించే నోరు మనకెక్కడిది?

కాబట్టి నేను కోరేవి చిట్కాలు కావు. చాంబరు మూత, గొట్టాల చుట్టూ సిమెంటు, జాలీకి వల... ఇవి సంఘం ఖర్చులో మొదటి పద్దుగా ఉండాలి, అద్దె ఇల్లయితే యజమాని చేయించాలి. గాలంతా విషం చేసే స్ప్రేకి బదులు సందుల్లో పెట్టే జెల్ ఎరలు వాడాలి, పిల్లలకి అందకుండా. మందు కొట్టిన రోజు పనిమనిషికి జీతంతో సెలవివ్వాలి, కడగడం ఇంట్లోవాళ్లంతా కలిసి చెయ్యాలి. వంటషెడ్డు బాగుచెయ్యకుండా వంటమనిషిని తీసేసే అధికారి దగ్గరికి మన సంఘాలు వెళ్లి నిలబడాలి. ఇక బొద్దింకని ముందుగా చూసిన కళ్లు ఎవరివైతే, చెప్పు తియ్యాల్సిన చెయ్యి కూడా వాళ్లదే.