రాజీనామా వ్రాయుమన్నప్పుడు

మా అక్కగారి కుమార్తె హైదరాబాదున మాదాపురములో నొక సాఫ్ట్‌వేరు కంపెనీయందు ఆరేండ్లుగా పనిచేయుచున్నది. ఇటీవల నొక సాయంకాలమున నామెను పిలిచి, "అరగంటలో రాజీనామా వ్రాసి పంపుడు. లేనిచో మేమే తొలగించితిమని వ్రాయుదుము, మరెచ్చటను మీకు ఉద్యోగము దొరకదు" అనిరట. ఆలోచించుకొనుటకు ఒక్క రాత్రి గడువడిగి బిడ్డ తల్లికి ఫోను చేసినది. తల్లి మమ్ము నడిగినది. "తొలగించిరను మాట మనకెందుకు? మర్యాదగా వ్రాసి యిచ్చి రమ్మనుము" అని మేమే చెప్పితిమి.

ఎంత తప్పు సలహా! మావారియొద్ద చదువుకొన్న యొక వకీలు ఆ రాత్రియే మా కన్నులు తెరపించెను.

యజమాని తనంతట తాను తొలగించినచో, ఏడాది యెడతెగక పనిచేసిన కార్మికునికి నెల దినముల నోటీసైనను, దానికి బదులు నెలజీతమైనను ఈయవలయును. నిండిన ప్రతి యేటికిని పదునైదు దినముల సగటు జీతము పరిహారముగా ఈయవలయును. 1947 నాటి చట్టములో నున్న యీ నియమము 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడులోను ఉన్నది. తనంతట తాను మానుకొన్నవారికి ఇవి లేవు. ఆ యరగంట తొందర యెందులకో సోదరీమణులకు ఇప్పుడు తెలిసియుండును. ఈ కంపెనీలవారు ఉద్యోగులను "మా కుటుంబము" అందురు. అరగంటలో ఇల్లు వెడలుమను కుటుంబమును మేమెన్నడును చూడలేదు.

కార్మికులన్న మరనడుపువారే కాదు. సాంకేతికపు పని, వ్రాతపని చేయువారును అందులోనివారే. మేనేజరను పేరు తగిలించినంతమాత్రమున హక్కు పోదు. చేయు పని యేమో చట్టము చూచును.

పనివేళల మాటయు అట్టిదే. పండుగకు మాయింటికి వచ్చిననాడు పప్పన్నము కలిపిన చేయి యెండిపోవుచుండగా ఆ పిల్ల కంప్యూటరుతో మాటలాడుచుండెను. "ఇంటనుండియే యుద్యోగము, అదృష్టవంతురాలు" అని పొరుగింటి అమ్మలు మెచ్చుకొనిరి, మేమును మురిసితిమి. నియమిత వేళకు మించిన పనికి రెట్టింపు జీతము ఈయవలెనని వేతనముల కోడులో నున్నదట. ఆరేండ్లలో ఆమెకు ఒక్క రూపాయి రాలేదు. సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, సేనకు జీతము వేళకిచ్చుచున్నావా యని కూడ ప్రశ్నించును. చిన్ననాడు నాయనగారియొద్ద అది చదివినపుడు, మహర్షి కింత చిల్లర ప్రశ్నయేల యనుకొంటిమి.

నియామకపత్రము, జీతపు చీటీలు, హాజరు లెక్కలు, వేళకు మించి పనిచేయుమని వచ్చిన ఉత్తరువులు—ఇవి బిడ్డల యింటనుండవలెను. కంపెనీ కంప్యూటరులోనే యున్నచో తొలగించిన క్షణముననే తలుపు మూసికొనును. కంపెనీవారి రహస్యపు కాగితములను మాత్రము ముట్టరాదు. అయిదేండ్లు నిండినవారికి గ్రాట్యుటీ, రాజీనామా చేసినను రావలసినదే.

మరునాడు మా పిల్ల, "నేను రాజీనామా చేయను. తొలగింపదలచినచో కారణముతో వ్రాసి యిండు" అని ఉత్తరము పంపినది. నేటికి పదునొకండు దినములు. జవాబు రాలేదు, జీతము వచ్చినది. కార్మికశాఖవారికీయవలసిన అర్జీ వకీలు వ్రాసియుంచెను. అక్క మాత్రము, ఫోను మ్రోగినపుడెల్ల పొయ్యిమీది గిన్నె దింపి పరుగెత్తుచున్నది.