ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు - ఇంగ్లీషు మేజర్ విద్యార్థులకు దారి ఎవరు చూపాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరంలో అమలులోకి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది ముగిశాక వేసవిలో రెండు నెలల సమాజసేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, ఆపైన ఒక పూర్తి సెమిస్టరు. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన జాతీయ చట్రం ఇంతకన్నా తేలికైనది. అందులో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు ఉంటే, ఇంటర్న్‌షిప్‌కు కేటాయించినవి 2 నుంచి 4. ఒక క్రెడిట్‌కు 30 గంటల పని. నిబంధనలలో మార్పులు వస్తూనే ఉంటాయి గాని, తరగతి గది బయట చేసిన పనికి కూడా డిగ్రీలో లెక్క ఉంటుందన్న సూత్రం మాత్రం ఇక స్థిరపడినట్లే. ఈ సూత్రాన్ని నేను సమర్థిస్తాను. నా అభ్యంతరం అది అమలవుతున్న తీరు మీద.

బీకాం విద్యార్థికి ఆడిటరు కార్యాలయం ఉంది. కంప్యూటర్లు చదివేవారికి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. బీఏ ఇంగ్లీషు మేజర్ తీసుకున్న అమ్మాయి ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు చాలా కళాశాలల వద్ద సమాధానం లేదు. చేతికి ఒక ఫారం ఇచ్చి, ఎక్కడైనా చూసుకుని సంతకం, ముద్ర వేయించుకు రమ్మంటారు. అసమానత లోపలికి ప్రవేశించే ద్వారం సరిగ్గా ఇదే. చిన్నాన్న పత్రికలోనో ప్రచురణ సంస్థలోనో ఉన్న పిల్లకు ఒక్క ఫోనుతో పని దొరుకుతుంది. తండ్రి పంచర్ల దుకాణం నడుపుతూ, తల్లి ఇంట్లో కుట్టుమిషను మీద పనిచేస్తూ చదివించుకుంటున్న పిల్లకు ఆ ఫోను ఎవరు చేస్తారు? చివరికి ఏ ఆన్‌లైన్ సంస్థకో రుసుము చెల్లించి, నాలుగు వీడియోలు చూసి, సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది. పని నేర్చుకున్న పిల్లకూ అవే క్రెడిట్లు, డబ్బు పోగొట్టుకుని ఏమీ నేర్చుకోని పిల్లకూ అవే క్రెడిట్లు. కాగితం మీద సమానత్వం చక్కగానే కనబడుతుంది.

ప్రముఖ కళాశాలల డిగ్రీ విద్యార్థులలో 25 మందికి ఒక్కరే ముస్లిం అని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. అటువంటి కళాశాలలకు పూర్వ విద్యార్థుల బలగం ఉంటుంది, సంస్థలే వెతుక్కుంటూ వస్తాయి. ఆ గేటు బయట చదువుకుంటున్న మన పిల్లలలో అత్యధికులకు పరిచయాలు వారసత్వంగా రావు. కనుక ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిన సంస్థే దానికి చోటు వెతికిపెట్టాలి. ఇది దయ కాదు, ఆ నిబంధనలోనే ఇమిడి ఉన్న బాధ్యత.

ఆడపిల్లల విషయంలో మరో చిక్కు ఉంది. ముక్కూమొగం తెలియని కార్యాలయానికి, పొరుగూరికి, నెలల తరబడి పంపడానికి తల్లిదండ్రులు వెనకాడుతారు. దీన్ని వెనుకబాటుతనమని వెక్కిరించడం కొందరికి అలవాటు. నాకు మాత్రం ఆ జంకులో తప్పు కనబడదు. తప్పల్లా అడగవలసిన ప్రశ్నలు అడగకుండానే చదువు మాన్పించడంలో ఉంది. పనిస్థలంలో మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ఉద్యోగి అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ట్రైనీలను, అప్రెంటిస్‌లను కూడా చేర్చింది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్న సంస్థలైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కమిటీ సభ్యులు ఎవరు, పనివేళలు ఏవి, పర్యవేక్షించే అధ్యాపకులు ఎన్నిసార్లు వచ్చి చూస్తారు, హిజాబ్‌తో వచ్చే అమ్మాయి పట్ల ఆ సంస్థ వైఖరి ఏమిటి - ఇవన్నీ కళాశాలను లిఖితపూర్వకంగా అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

ఇక పని సంగతి. మన పిల్లల చేతిలో ఒక ఆస్తి ఉంది. దాన్ని లోపంగా భావించే దురలవాటు మనకూ అంటింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య రోజూ రాకపోకలు సాగించే విద్యార్థి అనువాదకురాలిగా సగం తయారైనట్లే. మిగతా సగం అభ్యాసం. ఆ అభ్యాసానికి ఇంటర్న్‌షిప్‌ను మించిన అవకాశం ఏముంటుంది? వక్ఫ్ ఆస్తుల పాత పత్రాలు ఉర్దూలో ఉంటాయి, తగవు కోర్టుకెక్కితే తెలుగులోకో ఇంగ్లీషులోకో తేవాలి. ఆ కేసులు చూసే న్యాయవాదికి, అనుభవజ్ఞుడైన అనువాదకుడి పర్యవేక్షణలో తొలి ముసాయిదా తయారుచేసే సహాయకురాలు అక్కరకు వస్తుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, సమాచార హక్కు అర్జీలు, ఆసుపత్రి కాగితాలు అర్థంగాక తిప్పలు పడే కుటుంబాలు ప్రతి మొహల్లాలో ఉన్నాయి. వారానికి రెండు పూటలు ఒక సహాయ కేంద్రంలో కూర్చుంటే 30 గంటలు ఇట్టే నిండుతాయి.

సాహిత్యం వైపు చూసినా పనికి కొదవ లేదు. 1998లో వెలువడిన ‘జల్జలా’ కవితా సంకలనం నాటి నుంచి తెలుగులో ముస్లిం కవిత్వం, కథ బలంగా వస్తున్నాయి. వాటిలో ఇంగ్లీషులోకి వెళ్లినవి కొద్దే. రచయిత అనుమతి తీసుకుని, అధ్యాపకుని మార్గదర్శకత్వంలో ఒక సెమిస్టరులో నాలుగు కథలు అనువదించి, ప్రతి కథకూ ఎదురైన చిక్కులను వివరిస్తూ నివేదిక రాసిన విద్యార్థి నేర్చుకున్నది ఏ ఆన్‌లైన్ సర్టిఫికెట్ నేర్పుతుంది? హైదరాబాదులో 1931లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం ఉంది. ఇటువంటి చోట్ల ఇంగ్లీషులో వివరణ పట్టికలు రాయడం కూడా ఇంగ్లీషు మేజర్ పనే. కళాశాలలు ఈ సంస్థల తలుపు తట్టాలి.

పిల్లలను మళ్లీ మన వాడలోనే కట్టిపడేస్తారా అని కొందరు అడగవచ్చు. పత్రికలు, ప్రచురణ సంస్థలు, మ్యూజియాలు, అంకుర సంస్థలు - అన్ని ద్వారాలూ వారికి తెరుచుకోవలసిందే. అయితే మొదటి 60 గంటలు ఇంటికి దగ్గరలో, నమ్మకమున్న చోట, నిజమైన పని మీద గడిస్తే, రెండో ఇంటర్న్‌షిప్‌కు దూరం వెళ్లే ధైర్యం పిల్లకూ వస్తుంది, తల్లికీ వస్తుంది. ఉచితంగా చాకిరీ చేయించుకుంటారన్న భయం ఇంతకన్నా గట్టిది. మన సంస్థలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. సేవ పేరుతో పిల్లల చేత కుర్చీలు మోయించడం, కరపత్రాలు పంచించడం చూస్తూనే ఉన్నాం. పని ఏమిటో ముందే కాగితం మీద ఉండాలి, గంటల లెక్క లాగ్‌బుక్‌లో ఉండాలి, కనీసం బస్సు ఛార్జీలు, మధ్యాహ్న భోజనం సంస్థే భరించాలి. చేసిన అనువాదం మీద విద్యార్థి పేరు ఉండాలి.

అందరికన్నా ముందుకు రావలసినవి మైనారిటీ కళాశాలలు. రాజ్యాంగంలోని 30వ అధికరణం మన ఇష్టానుసారం విద్యాసంస్థలను స్థాపించుకుని నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ప్రవేశాల విషయం వచ్చినప్పుడు ఆ అధికరణాన్ని గుర్తుచేసే యాజమాన్యాలు, ఇంటర్న్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి ఫారం చేతికిచ్చి పంపేయడం ఏ మాత్రం తగదు. ప్రతి మైనారిటీ కళాశాల ఇంగ్లీషు శాఖ వచ్చే వేసవికి ముందే కనీసం పది సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకుని, ఆ జాబితాను నోటీసు బోర్డు మీద అంటించాలి. ప్రవేశాల రోజున ఫీజు కట్టే ముందు, ఆ జాబితా చూపించమని తల్లిదండ్రులు అడగాలి.