వయసుకు ఎవరు గీసిన గీత?

1967లో బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తుతున్న ఇరవై ఏళ్ళ కాథరీన్ స్విట్జర్‌ను నిర్వాహకుడొకడు వెంటాడి, ఆమె 261 నంబరు చీటీని లాగేయబోయాడు. స్త్రీ శరీరం 42 కిలోమీటర్లు తట్టుకోలేదన్నది అప్పటి వాదన. ఆమె పరుగు పూర్తిచేసింది. అయినా ఆ పోటీ తలుపులు స్త్రీలకు 1972లో గానీ తెరుచుకోలేదు. ఒలింపిక్స్ మారథాన్ కోసం 1984 దాకా ఆగాల్సి వచ్చింది. 2017లో, డెబ్భై ఏళ్ళ వయసులో, అదే నంబరుతో స్విట్జర్ ఆ దూరమంతా మళ్ళీ పరుగెత్తింది.

మన ఇళ్ళలో యాభై దాటిన స్త్రీ మనవల్ని ఎత్తుకోవచ్చు, బిందెలు మోయవచ్చు. తనకోసం నడవబోతే మాత్రం "ఈ వయసులో ఇదేం చోద్యం, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో" అంటాం. చాకిరీకి అడ్డురాని వయసు ఆమె ఇష్టానికే ఎందుకు అడ్డొస్తోంది? పెద్దవయసు స్త్రీల ఆరోగ్యం, తీరిక, ఆరుబయట చోటు కూడా హక్కులే. వాటిని మన సంఘాల ఎజెండాలో చేర్చుకుందాం.