కాపలా ఒక్కరిదే అయితే



2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను ఆపేసింది. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 2025 నవంబర్ 18న వెబ్‌సైట్లకు కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో తలెత్తిన లోపంతో చాట్‌జీపీటీ, ఎక్స్ గంటల తరబడి మొరాయించాయి. రెండూ దాడులు కావు, కాపలాదారుల పొరపాట్లే.

ఈ కాపలా అక్కరలేదని మేము అనడం లేదు. చిన్న సంస్థలు తట్టుకోలేని దాడులను అడ్డుకుంటున్నది అదే. కానీ ఆ కాపలా ఒక్కరిదే అయితే, వారి పొరపాటుతో అన్నీ ఆగిపోతాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలోనూ భూమి రిజిస్ట్రేషన్, రేషన్, యూపీఐ చెల్లింపులు నెట్‌పైనే నడుస్తున్నాయి. అందుకే ఇది మన చర్చ కూడా. ఈ సంచిక రచనలన్నిటా వినిపించే మాట ఒకటే: ప్రతి ముఖ్య సేవకూ మరో దారి ఉండాలి. చదవండి, మీ ఊరి అనుభవాలు మాకు రాయండి.