మూట విప్పితేనే బొంత



మన ఇళ్లలో అటక మీదనో, మంచం కిందనో, ట్రంకు పెట్టె అడుగుననో ఒక పాత బట్టల మూట తప్పక ఉంటుంది. "ఎప్పటికైనా బొంత కుట్టిద్దాం" అన్న మాటతో ఆ మూట పుడుతుంది. ఏడాదికేడాది బరువెక్కుతుంది గాని, విప్పే రోజు రాదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఇళ్లలో మేము చూసినవీ, మా ఇంట్లో జరిగినవీ కలిపి ఈ నెల ఆ మూటను గురించే ముచ్చటించుకుందాం.

ముందుగా మా తప్పు చెప్పుకోవడం న్యాయం. అమ్మ కన్నుమూసిన తర్వాత ఆమె కట్టిన ఆరు నూలు చీరలను మేము ఎంతో ప్రేమతో దాచాము. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువా అడుగు అరలో ఉంచాము. ఆదోనిలో ఉన్న చెల్లెలు గర్భవతిగా ఉన్నప్పుడు, "ఆపా, అమ్మీ చీర ఒక్కటివ్వు, బిడ్డకు గోదడి కుట్టుకుంటాను" అని అడిగింది. "తర్వాత చూద్దాంలే" అన్నాము. ఏడేళ్ల తర్వాత కవరు విప్పితే నాలుగు చీరలు మడతల వెంట చీలిపోయి ఉన్నాయి. పురుగు కొట్టిన చిల్లులు, పసుపుపచ్చని మరకలు, ముక్క వాసన. చెల్లెలి బిడ్డ అప్పటికి బడికి పోతున్నాడు. ప్రేమతో దాచినదే అయినా, వాడకుండా పాడుచేసుకున్న వస్తువు వృథా కాక మరేమిటి?

ముందు హక్కు, తర్వాత కత్తెర

ఆ సంఘటన మాకు మరొక సంగతిని కూడా గుర్తుచేసింది. ఆ చీరలు మా ఒక్కరివి కావు. మరణించినవారు విడిచిన వస్తువు చిన్నదైనా, పెద్దదైనా వారసులందరిదీ. తల్లి చీరను కత్తిరించే ముందు అక్కచెల్లెళ్లను, అన్నదమ్ములను అడిగి, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్న తర్వాతే కత్తెర పట్టాలి.

దర్జీ దుకాణపు ముక్కల విషయమూ ఇంతే. రమజాను నెలలో దర్జీల వద్ద పేలికలు కుప్పలుగా పోగవుతాయి. అవి బొంతలకు ఎంతో అనువైనవి. అయితే బట్ట తెచ్చినవారిదే మిగిలిన బట్ట కూడా. దర్జీ చేతిలో అది అమానతు. ఎవరూ తిరిగి అడగని సన్నని కత్తిరింపులు వేరు, జాకెట్టుకు సరిపోయే మిగులు గుడ్డ వేరు. కుట్టుపని చేసే సోదరీమణులు బట్ట తీసుకునేటప్పుడే "మిగిలినది మీకు కావాలా, మేము ఉంచుకోవచ్చునా?" అని ఒక్కమాట అడిగితే చాలు. ఆ తర్వాత కుట్టే బొంత నిశ్చింతగా కప్పుకోవచ్చు.

కొనేటప్పుడు

మనం ఉన్నది పత్తి సీమలో. ఆదోని మార్కెట్ యార్డుకు చుట్టుపక్కల పల్లెల నుండి పత్తి వస్తుంది, జిన్నింగు మిల్లులు గింజ తీసి బేళ్లు కడతాయి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారి చొరవతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఆ ఊరి దుప్పట్లకు, తువాళ్లకు పేరు తెచ్చింది. దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికిన దూదేకుల, పింజారీ కుటుంబాలు మన సముదాయంలోనివే. నూలుతో ఇంత బంధమున్న మనం నూలేదో, కాదో పోల్చుకోలేకపోతే ఎలా?

సందేహం వస్తే బట్ట అంచు నుండి నాలుగు పోగులు లాగి, పిల్లలకు దూరంగా, పళ్లెంలో పెట్టి వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పసిబిడ్డల బొంతకు, ఎండకాలపు పడకకు నూలే మేలు. అది చెమటను పీల్చుకుంటుంది.

బొంతకు కొత్త బట్ట కొనవలసిన అవసరం తక్కువ. పై ముక్కలకు, లోపలి పొరలకు పాత చీరలు, లుంగీలు, తువాళ్లు సరిపోతాయి. పాత నూలు మెత్తగా ఉంటుంది, సూది సులభంగా దిగుతుంది. అడుగు పొర ఎక్కువ రాపిడికి గురవుతుంది గనుక దానికి మాత్రం గట్టి నేత దుప్పటి ఒకటి కొనవచ్చు. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. కాబట్టి ఉతికి ఆరబెట్టిన తర్వాతే కొలత తీయాలి. లేకపోతే కుట్టిన బొంత ముడతలు పడుతుంది.

దాచేటప్పుడు

దాచే బట్టకు గంజి ఉండరాదు. గంజి పురుగులకు ఆహారం. గోరువెచ్చని నీటిలో నానబెట్టి, గంజి పోయేలా ఉతకాలి. ఎరుపు, ముదురు నీలం బట్టల మీద తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు అంటితే వాటిని విడిగా ఉతకాలి. తర్వాత ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. కాస్త చెమ్మ మిగిలినా బూజు పడుతుంది. దాచే చోట మాత్రం ఎండ తగలకూడదు, రంగు వెలిసిపోతుంది.

ప్లాస్టిక్ కవరు చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. దానికి బదులు ఉతికిన పాత నూలు గుడ్డలో మూట కట్టి ట్రంకు పెట్టెలో ఉంచాలి. పెట్టె అడుగున ఒక పాత దుప్పటి పరిస్తే తుప్పు మరక అంటదు. బాగా ఎండిన వేపాకును గుడ్డలో కట్టి మూలల్లో పెట్టవచ్చు. కలరా ఉండలు వాడే అలవాటున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వాటితో దాచిన బట్టను ఉతకకుండా పసిబిడ్డకు చుట్టకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలలో ఆ మందు ఎర్ర రక్తకణాలను చిదిమివేసి, ప్రమాదకరమైన కామెర్లకు దారితీయగలదు.

మూడు నాలుగు నెలలకొకసారి మూట విప్పి, గాలి తగలనిచ్చి, పాత మడత మీద కాకుండా కొత్త చోట మడవాలి. మా అమ్మ చీరలు చీలింది ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉన్నందుకే.

సర్దేటప్పుడు

చాలామంది రంగుల వారీగా సర్దుతారు. చూడటానికి బాగుంటుంది గాని, కుట్టేటప్పుడు ఇబ్బంది పెడుతుంది. మొదట నూలు ఒకవైపు, పాలిస్టరు, సిల్కు మరొకవైపు వేరుచేయాలి. తర్వాత పలుచనివి, దళసరివి విడదీయాలి. పలుచని గుడ్డ పక్కన దళసరి గుడ్డ కుట్టితే పలుచనిది ముందుగా చిరుగుతుంది. ఆ తర్వాత కొలతను బట్టి మూడు మూటలు చేయాలి: పొరలకు సరిపోయే నిలువు బారలు, చదరపు ముక్కలు, అంచులకు పనికివచ్చే పట్టీలు. రంగు చివరి సంగతి. జానెడు కూడా లేని పేలికలను దిండులో నింపవచ్చు.

ఎంత ఉంటే చాలు?

లెక్క వేస్తే ఆశ అదుపులో ఉంటుంది. చీర పొడవు సుమారు 18 అడుగులు, వెడల్పు 45 అంగుళాలు. ఆరడుగుల చొప్పున కత్తిరిస్తే మూడు పొరలు వస్తాయి. ఒక మనిషి కప్పుకునే బొంతకు మూడు పొరలు చాలు, అంటే చిరుగులు లేని ఒక్క చీర. పైన అతుకుల వరుస కావాలంటే తొమ్మిది అంగుళాల చదరాలు నిలువున 8, అడ్డంగా 5, మొత్తం 40 పడతాయి. కుట్టులో పోయేది కలుపుకొని ఒక్కొక్కటి పది అంగుళాలకు కత్తిరించాలి. మీ మూటలో పది చీరలుంటే అవి పది బొంతలు. ఈ లెక్క తెలిసిన తర్వాత కూడా పోగుచేస్తూనే ఉంటే అది పొదుపు కాదు, ఇస్రాఫ్‌కు మరో రూపం.

ఈ కళ మన ఒక్కరిదే కాదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలు పాత బట్టలతో కవంది అనే బొంత కుడతారు. అంచు నుండి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చి ముగిస్తారు. నాలుగు మూలలా చిన్న మడత ముక్కలు కుట్టనిదే బొంత పూర్తయినట్టు భావించరు. వారి చేతి బొంతలు నేడు దేశవిదేశాల ప్రదర్శనలకు వెళ్తున్నాయి. మన పెద్దలు "గుదడీ మే లాల్" అనేవారు. అతుకుల బొంతలోనూ కెంపు దాగి ఉండవచ్చునని దాని భావం.

ఎవరి కోసం?

మన పశ్చిమ మండలాల నుండి ఏటా ఎన్నో కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు సుగ్గికి పోతాయి. పొలం గట్టున గుడిసె వేసుకొని, మంచు కురిసే రాత్రుళ్లు పిల్లలను పక్కన వేసుకొని పడుకుంటాయి. మనం బట్టగా కట్టే పత్తిని ఏరే చేతులు వారివే. వారి బండి కదిలే ముందు ఒక్కో ఇంటి నుండి ఒక్కో బొంత చేరితే, అటక మీద ముక్కిపోయే చీరకు అంతకంటె మంచి గతి ఏముంటుంది? ఇచ్చేది చిరుగులు కప్పిపుచ్చినది కాకుండా, మన బిడ్డకు కప్పగలిగినంత శుభ్రమైనదిగా ఉండాలి.

మిగిలిన రెండు చీరలను మేము ఈసారి దాచలేదు. తోబుట్టువులందరినీ అడిగి, రెండు బొంతలు కుట్టించాము. ఒకటి చెల్లెలి ఇంటికి వెళ్లింది. రెండవది సుగ్గికి పోయే ఒక తల్లి మూటలో చేరి ఊరు దాటింది. అమ్మ జ్ఞాపకం బీరువాలో ఉన్నప్పటికంటె ఇప్పుడే మాకు దగ్గరగా తోస్తున్నది.

ఈ శుక్రవారం తీరిక చేసుకొని మీ మూట విప్పండి. అల్లాహ్ మన ఇళ్లలో బర్కత్‌ను, మన చేతులలో ఉదారతను ప్రసాదించుగాక. ఆమీన్.